సున్నాలో నాలుగు చిల్లులు

జూన్ 3

ఒసే బుడంకాయ్,

నువ్వు కులాసాగానే ఉన్నావని ఫోనులో విన్నాను కాబట్టి ఆ ముక్క మళ్ళీ అడగను. ఫోనులో నువ్వు సగం వింటూ సగం ఏదో టైపు చేస్తూ ఉంటావు. ఆ టకటక నాకు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే ఉత్తరం. ఉత్తరం చదవాలంటే రెండు చేతులూ దానికే ఇవ్వాలి, ఆ సంగతి ఆలోచించే రాస్తున్నాను.

ఓనరు మాట మార్చలేదు. వానలు తగ్గేలోపు నేను పై అంతస్తుకి మారాల్సిందే. కింద నా కొట్టు ఉన్నచోట మందుల షాపు పెడతారట. చొక్కాకి ఒక్క గుండీ ఊడితే దాని కోసం మెట్లెక్కి వచ్చే మనిషిని నువ్వెప్పుడైనా చూశావా? జ్వరమొచ్చినవాడు మెట్లెక్కడా అంటే ఎక్కుతాడు. ఆ మాటే ఓనరుతో అన్నాను, విననట్టు చెవి గోక్కున్నాడు.

కాబట్టి నువ్వు పెట్టిచ్చిన వెబ్‌సైటే నాకు దిక్కు. ఫొటోలన్నీ నేనే ఎక్కించాను. ఏ రకంగా ఎక్కించాలో తెలియక పక్క కొట్టు టైలరుని అడిగితే, "పీఎన్‌జీ పెట్టండమ్మా, దాన్ని మించింది లేదు" అన్నాడు. అన్నీ అదే పెట్టాను. కానీ పేజీ తెరుచుకునేలోపు స్టవ్ మీద టీ పొంగిపోయింది. గుండీ గిరగిరా తిరిగే బొమ్మ కూడా ఒకటి పెడితే బావుంటుందని టైలరే అన్నాడు. చూడు.

ఒక్క ఫొటో మాత్రం టైలరు మాట రాకముందు, నువ్వు సైటు మొదలుపెట్టిన రోజునే ఎక్కించాను. అన్నిటికన్నా పైన ఉంటుంది. కొట్టు తెరిచిన రోజుది. పైన మీ నాన్న చేత్తో రాసిన బోర్డు, దాని కింద నేనూ మీ నాన్నా. 'గుండీల కొట్టు' అని రాసి, సున్నా ఉండాల్సిన చోట నాలుగు చిల్లుల గుండీ వేశాడు చూడు. చదవడం రాని పిల్లలు కూడా ఆ సున్నా చూసి నా కొట్టు గుర్తుపట్టేవాళ్ళు. మేడ మీదికి పోయినా, నీ వెబ్‌లో ఉన్నా, ఆ బోర్డు ఉంటేనే అది నా కొట్టు. లేకపోతే గుండీలున్న ఒక గది, అంతే.

ఈ ఉత్తరం సంగతి మీ నాన్నకి చెప్పకు. చెప్పినా నేను చెప్పమన్నానని చెప్పకు. ఓనరు ఆ బోర్డు దించిన రోజునుంచీ నాతో మాట లేదు, పలుకు లేదు. నీ దగ్గరే ఉంటున్నాడు కాబట్టి మోకాలు ఎలా ఉందో రాయి.

కొన్ని గుండీలు కాగితంలో చుట్టి పెట్టాను. ఆల్చిప్పవి జాగ్రత్త, పెళుసు.

నీ గుండీల అత్త

*

జూన్ 9

అత్తా,

రెండు చేతులతోనే చదివాను, ఒట్టు. గుండీలు అందాయి. ఆల్చిప్ప గుండీ ఒకటి నాన్న చొక్కాకి కుట్టాను. ఎక్కడిదో నేను చెప్పలేదు, నాన్న అడగలేదు. కానీ ఆ చొక్కా వేసుకుని అద్దం ముందు మామూలుకన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. మోకాలు బాగానే ఉంది. వాన రాబోతోందని మాకందరికీ ముందే చెప్తోంది.

టైలరు గారికి నా నమస్కారం చెప్పి, ఆయన్ని గుడ్డల సంగతి చూసుకోమను. పీఎన్‌జీ మంచిదే. ఫొటోలో ఉన్న ప్రతి చుక్కనీ ఉన్నదున్నట్టు దాస్తుంది, నువ్వు పార్సిళ్ళకి కట్టొచ్చిన పురికొసలన్నీ దాచినట్టు. అందుకే అంత బరువు. అట్టకి కుట్టిన గుండీల ఫొటోలకి అదంతా దేనికి? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. వాటికి జేపెగ్ వాడు. అది కంటికి ఆనని వివరాలు వదిలేసి మూట చిన్నది చేస్తుంది. చూసేవాళ్ళకి తేడా తెలియదు, పేజీ చప్పున తెరుచుకుంటుంది.

విడి గుండీలకి మాత్రం జేపెగ్ వద్దు. దానికి ఖాళీ అంటే ఏమిటో తెలియదు, బొమ్మ వెనక ఏదో ఒక రంగు నింపాల్సిందే. మన పేజీ లేతపసుపు కదా, గుండ్రటి గుండీ చుట్టూ తెల్లటి చదరం పడి చొక్కాకి మాసిక వేసినట్టుంటుంది. అక్కడ టైలరు గారి పీఎన్‌జీయే సరైనది. వెనకంతా ఖాళీగా వదిలేయగలదు. ఈ రెండు పనులూ చేస్తూ ఇంకా తేలిగ్గా ఉండే వెబ్‌పీ అని ఇంకొకటి ఉంది. అదిప్పుడే చెప్తే నువ్వు కంప్యూటరు మూసేసి వెళ్ళిపోతావు, దాని సంగతి నేను చూసుకుంటాను.

తిరిగే గుండీ వద్దు. దానికి వాడే జిఫ్‌లో రంగులు బాగా తక్కువ. నీ ఆల్చిప్ప మెరుపంతా మచ్చలు మచ్చలుగా తేలుతుంది. కొనేవాళ్ళ తల తిరగడం తప్ప లాభం లేదు.

బోర్డు ఒక్కటీ వేరే సంగతి. దాన్ని ఎస్‌వీజీ చేస్తాను. అది ఫొటో కాదు. టైలరు గారు రాసుకునే కొలతల కాగితం లాంటిది. గీత ఎక్కడ మొదలవ్వాలి, ఎంత వంగాలి, ఎక్కడ ఆగాలి అని లెక్క రాసి ఉంటుంది. అదే కాగితంతో చంటిపిల్లకీ కుట్టొచ్చు, ఏనుగుకీ కుట్టొచ్చు. ఫోనులో గోరంత వేసినా, గోడ మీద తలుపంత వేసినా అంచు చెదరదు. కాబట్టి నీ ఫొటోలో అక్షరాలు మాత్రం ఉంచి, మిగతాదంతా తీసేస్తాను. అది మనకి అనవసరం.

నీ
బుడంకాయ

*

జూన్ 14

బుడంకాయ్,

మిగతాదంతా అనవసరం అన్నావు. మిగతాదంటే ఎవరో చూసే రాశావా? నేనూ, మీ నాన్నా.

ఇది నీ మాటేనా, లేక పక్కన కూర్చుని మీ నాన్న చెప్పించాడా? ఒకే కప్పు కింద ఉన్నారు, నాకు తెలియదనుకోకు. సరే, నీ కొలతల కాగితం నువ్వు చేసుకో. మమ్మల్ని కత్తిరించిన ముక్క మాత్రం పారేయకుండా నాకు పంపించు. ఇక్కడెక్కడో పెట్టుకుంటాను.

నువ్వు చెప్పినట్టే అట్టల ఫొటోలన్నీ జేపెగ్ చేశాను, మూట వీలైనంత చిన్నదయ్యేట్టు. ఇప్పుడు పేజీ ఠక్కున తెరుచుకుంటోంది. టైలరు చూసి మూతి ముడుచుకున్నాడు గానీ, వాడి కొట్టుకి కూడా సైటు పెట్టిమ్మని అడగబోతున్నాడు, వాడి వాలకం చూస్తే తెలుస్తోంది.

ఇంకో సంగతి. నేను వట్టిగా కూర్చోవడం లేదు. రోజూ పొద్దున కొట్టు తెరవగానే సొరుగులు తుడుస్తాను కదా, అలాగే ఇక్కడ కూడా తుడుస్తున్నాను. ఒక్కో ఫొటో తెరిచి, కాస్త వెలుగు పెంచి, సేవ్ చేసి మూసేస్తాను. అందరికన్నా ముందు బోర్డు ఫొటో. సైటు పెట్టిన నాటినుంచీ ఒక్కరోజు మానలేదు. సరుకు మీద దుమ్ము కూర్చుంటే ఎవరు కొంటారు?

అయితే ఈమధ్య మీ నాన్న మొహం తడిసిన దూదిలా కనబడుతోంది. వెబ్‌సైటుకి కూడా చెమ్మ పడుతుందా? వానాకాలం వస్తోంది కాబట్టి అడుగుతున్నాను. నిన్న ఒకావిడ పేజీ చూసి ఫోను చేసింది. కోటు గుండీలు నచ్చాయట. కానీ వాటికి చిల్లులు రెండా నాలుగా అని అడిగింది. ఫొటో ఉన్నది అది చెప్పడానికే కదా అన్నాను. అందులో తెలియడం లేదంది.

మీ అత్త

*

జూన్ 20

అత్తా,

ఈ ఉత్తరం చేరగానే కంప్యూటరు మీదనుంచి చెయ్యి తియ్యి. రెండుసార్లు ఫోను చేశాను, నువ్వు ఎత్తలేదు. అలిగావని అర్థమైంది. ముందు అది తేల్చుకుందాం. 'అనవసరం' అన్నది నా మాటే. మా డిజైను పనిలో బొమ్మ చుట్టూ ఉన్న ప్రతిదాన్నీ అలాగే అంటాం, అందులో మనుషులున్నారని తోచలేదు. నాన్న పక్కన లేడు, ఒక్క ముక్క చెప్పించలేదు.

ఇప్పుడు నీ తుడుపు సంగతి. వెబ్‌కి చెమ్మ పట్టదు. జేపెగ్ కొన్ని వివరాలు వదిలేస్తుందని చెప్పాను కదా. దాన్ని మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ మళ్ళీ కొన్ని వదిలేస్తుంది. చొక్కా ఉతికిన ప్రతిసారీ కాస్త రంగు పోయినట్టే. తెరిచి చూసి మూసేస్తే ఏమీ కాదు. నువ్వు రోజూ మార్చావు, రోజూ సేవ్ చేశావు. అసలు ఫొటోని పక్కన దాచి, నకలు మీద ఏం చేసినా ఫరవాలేదు. చేతులు కాలాక ఆకుల గురించి చెప్తున్నాను.

గుండీల ఫొటోలు మళ్ళీ తీసుకోవచ్చు. బోర్డు ఫొటో మొదటినుంచీ జేపెగే, దానికి ఇంకో కాపీ ఉందా? నేను సైటులో ఉన్నది దించి పెద్దది చేసి చూశాను. సున్నాలో చిల్లులు లేవత్తా. నాలుగూ కలిసి ఒక మచ్చ అయ్యాయి. అక్షరాల అంచులన్నీ నలిగిపోయాయి. దీని మీద నేను గీతలు గీయలేను.

దారి లేక నాన్ననే అడిగాను, ఆ బోర్డు మళ్ళీ కాగితం మీద రాసివ్వమని. ఎందుకని అడిగాడు. "అత్త ఆ ఫొటోని రోజూ తుడిచి తుడిచి పోగొట్టింది" అన్నాను. ఇంకో మాటలో చెప్పి ఉండాల్సింది. "బోర్డు తొక్కించింది, ఇప్పుడు ఫొటో కూడా తుడిచేసిందన్నమాట" అన్నాడు. అప్పుడు మొదటిసారి ఆ రోజు సంగతి చెప్పాడు. రంగులవాళ్ళు ఆ బోర్డు మీద నిలబడి గోడకి రంగు వేస్తున్నారట, నువ్వు నవ్వుతూ వాళ్ళకి టీ అందిస్తున్నావట. "ఎవరిని నిలబెట్టిందో వాళ్ళనే రాయమను" అని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఇది నీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నాకు మధ్యలో నిలబడి ఇద్దరికీ సర్దిచెప్పడం చేతకాదు. ఉన్నది ఉన్నట్టు రాశాను.

బుడంకాయ

*

జూన్ 26

బుడంకాయ్,

కోపంలో రాస్తున్నాను. అక్షరాలు కుదరకపోతే సర్దుకో.

ఎవరు నిలబెట్టారు? కొట్లన్నిటికీ ఒకే రకం ప్లాస్టిక్ బోర్డులుండాలని ఓనరు, నేను బ్యాంకుకి వెళ్ళిన పూట చూసి మీ నాన్న బోర్డు దించేశాడు. నేను వచ్చేసరికి రంగులవాళ్ళు పని మొదలుపెట్టారు. రెండు నిచ్చెనల మధ్య నా తల కన్నా ఎత్తులో ఒక చెక్క పరుచుకుని నిలబడ్డారు. కిందనుంచి చూసేదానికి నాకు కనబడింది ఉత్త చెక్క. ఎండలో పని చేస్తున్నారని టీ ఇచ్చాను. టీ ఇచ్చేటప్పుడు మూతి ముడుచుకుని ఇస్తారా ఎవరైనా? మీ నాన్న, బోర్డు కనబడక ఓనరుని అడుగుదామని మేడెక్కి, దిగుతూ చూశాడట, తర్వాత ఓనరే చెప్పాడు. పైనుంచి చూసేవాడికి అక్షరాలు కనబడ్డాయి. చెక్క ఒకటే, నేను ఒక వైపు చూశాను, తను ఇంకో వైపు చూశాడు.

నా పక్కకి వచ్చి ఒక్క మాట అడిగి ఉంటే, నేనే ఆ రంగులవాళ్ళని దింపి ఉండేదాన్ని. అడగలేదు. తిన్నగా వెళ్ళి బస్సెక్కాడు. సాయంత్రం వాళ్ళు చెక్క దించినప్పుడు గాని అదేమిటో నాకు తెలియలేదు. తర్వాత నేనూ అడగలేదు, ఎందుకెళ్ళిపోయావని. కోపం నాకూ ఉంటుంది, ఒక కడుపున పుట్టినవాళ్ళమే కదా. ఆ చెక్క ఇప్పటికీ సొరుగుల వెనక ఉంది. చెప్పుల రాపిడికి, రంగు చారలకి ఒక్క అక్షరం కూడా చదవడానికి లేదు. అయినా పారేయడానికి చేతులు రాలేదు.

ఫొటోకి ఇంకో కాపీ లేదు, కాగితం మీదిది ఎప్పుడో చెదల పాలైంది. తుడిచేసిందన్నాడు కదా, ఎందుకు తుడిచానో కూడా విను. ఆ రోజు ఎండ నడినెత్తిన ఉంది. బోర్డు నీడ సరిగ్గా మీ నాన్న మొహం మీద పడింది. ఫొటోలో నా పళ్ళన్నీ కనబడతాయి, మీ నాన్న నవ్వుతున్నాడో లేదో తెలియదు. నవ్వుతున్నాడని నాకు తెలుసు, పక్కనే ఉన్నాను. అది చూసేవాళ్ళకి కూడా తెలియాలని రోజూ కొంచెం వెలుగు పెంచాను. ఒకేసారి పెంచితే మొహం తెల్లబోతుందని రోజుకి కొంచెం. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, ఉన్న మొహమూ పోయింది.

ఇంక బోర్డు మాట ఎత్తకు. ఆ ప్లాస్టిక్ అక్షరాలే పేజీ మీద పెట్టు. ఏదో ఒక గది, అంతే.

అత్త

*

జూలై 5

అత్తా,

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించలేదు. చేతికీ ఇవ్వలేదు. టీవీ పక్కన పెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి ఉత్తరం అక్కడే ఉంది, మడత మాత్రం మారింది. నాన్న టీవీ వైపే చూస్తున్నాడు. టీవీ పెట్టి లేదు.

మర్నాడు పొద్దున, "ఈ ఊళ్ళో పెద్ద కాగితం చుట్ట ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

తెచ్చిచ్చాను. ముందు గది అంతా పరిచాడు. దారానికి సుద్ద పూసి, రెండు కొసలూ పట్టుకుని లాగి వదిలి గీత కొట్టాడు. ఫ్లెక్సీలొచ్చి బోర్డులు రాసే పని పోయాక నాన్న కుంచె పట్టుకోవడం నేను చూడలేదు. మొదటి రోజు 'గ' దగ్గరే ఆగిపోయాడు. వంపు కుదరలేదని మూడు కాగితాలు చింపాడు. నేను వంటింట్లోనే ఉండిపోయాను, అక్కడ నాకేం పని లేకపోయినా. రెండో రోజు నాకు వినిపించేలా తిట్టుకున్నాడు, మోకాలిని. అంటే చెయ్యి కుదిరిందని అర్థమైంది.

ఆ కాగితాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, అక్షరాల అంచుల వెంబడి నేను చుక్కలు పెడుతూ గీతలు కలుపుతుంటే వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "వంపుకి అన్ని చుక్కలెందుకు? ఎక్కువ పెడితే గతుకులు పడతాయి" అన్నాడు. తగ్గించాను. నిజంగానే నున్నగా వచ్చింది. నా మేనేజరు కూడా ఇదే మాట చెప్తాడు, ఆయన మాట అయితే నేను ఇంత త్వరగా వినను.

ఎంత పెద్దది చేసినా చెదరదని చెప్తే, చూపించు అన్నాడు. పెంచాను. ఇంకా పెంచమన్నాడు. చివరికి సున్నాలోని ఒక్క చిల్లు తెర నిండా వచ్చింది. దాని అంచు నున్నగా అలాగే ఉంది. కుర్చీ ముందుకి జరుపుకుని అన్నాడు, "దీని మీద ఎవరూ నిలబడలేరు కదా."

లేరన్నాను.

ఒక తేడా ఉంది, నువ్వే గమనిస్తావు గాని ముందే చెప్తున్నాను. పాత బోర్డులో సున్నాకి ఉత్త చిల్లులే ఉండేవి. ఈసారి వాటిలోంచి దారం కూడా వేశాడు. ఎందుకు నాన్నా అంటే, "గుండీ అన్నాక కుట్టాలి కదా" అన్నాడు.

ఫైలు పంపాను, పేజీ మీద కూడా పెట్టాను. మొత్తం అక్షరాలు కలిపినా నీ ఒక్క గుండీ ఫొటో అంత బరువు లేవు. ఇంకొకటి. సైటులో ఉన్న ఆ పాత ఫొటో నేను తీసేయలేదు. నాన్న ఉంచమన్నాడు. తన మొహం ఎలా ఉన్నా ఫరవాలేదట.

నీ
బుడంకాయ

*

జూలై 13

ఒసే బుడంకాయ్,

దారం చూశాను. టైలరు కొట్లో ఉన్నప్పుడు చూశాను కాబట్టి ఏడవలేదు. వాడు వెళ్ళాక ఏడ్చాను.

కిందటి వారమే మేడ మీదికి మారాను. సొరుగులు మొయ్యడానికి మనుషులు దొరికారు, చెక్క మాత్రం నేనే మోశాను. ఓనరు ప్లాస్టిక్ బోర్డు తెచ్చి తగిలించబోతే, "మెట్ల గోడ నాది కాదన్న కాగితం ఉంటే చూపించు" అన్నాను. లేదు. నీ ఫైలు పట్టుకెళ్ళి అక్షరాలు కోసే కొట్లో ఇస్తే, ఎంత పెద్దవి కావాలమ్మా అని అడిగాడు. ఎంతైనా ఫరవాలేదు, చెదరవు అని చెప్పాను. నాకన్నీ తెలిసినట్టు చూశాడు. ఒక్కో అక్షరం నా నడుమంత వచ్చింది. టైలరూ నేనూ కలిసి మెట్లు మొదలయ్యేచోట గోడకి బిగించాం. ఎదురుగా బస్సు దిగినవాళ్ళకి ముందు సున్నాయే కనబడుతుంది.

కోటు గుండీలావిడ మొన్న వచ్చింది. నేను మళ్ళీ తీసి పెట్టిన ఫొటోలు చూసిందట, ఇప్పుడు చిల్లులు లెక్కపెట్టుకునేంత బాగా కనబడుతున్నాయంది. మెట్లు నచ్చలేదన్నది గాని అన్నీ ఎక్కింది.

గోడ ఫొటో పంపుతున్నాను. ఒక్కసారే సేవ్ చేశాను. అసలుది పక్కన దాచాను. వెలుగు పెంచలేదు.

ఇది మీ నాన్నకి చూపించు. నేను చూపించమన్నానని కూడా చెప్పు.

నీ గుండీల అత్త

*

జూలై 18

చెల్లాయీ,

ఫొటో చూశాను. నువ్వూ ఆ టైలరూ కలిసి బోర్డు వంకరగా బిగించారు. కుడివైపు దిగింది. 'ట్టు' కింద రెండు వేళ్ళు పైకి లేపాలి. కంప్యూటరు ఎంత సరిగ్గా గీసినా గోడకి బిగించేది మనుషులే కదా. అది సరిచేయడం మీ ఇద్దరి వల్లా కాదు, ముట్టుకోవద్దు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. నేనే సరిచేస్తాను. రెండు నిచ్చెనలు ఎక్కడైనా అడిగి తెచ్చి ఉంచు.

వాటి మధ్య వేసుకుని నిలబడటానికి ఒక చెక్క కావాలి. సొరుగుల వెనక ఒకటి ఉందన్నావట. అది చాలు. అక్షరాలు పైకి వచ్చేట్టు వెయ్యి.

అన్నయ్య